షామియానా కింద శంకువు

నేను ఒక శంకువుని. వినగానే తెలిసినట్టు తలాడించకండి. మీకు తెలియదు. పొద్దున్నే పేపరు తెరిస్తే ఏదో ఒక పేజీలో 'శంకుస్థాపన' అన్న మాట మీ కంట పడుతూనే ఉంటుంది. వంతెనకి శంకుస్థాపన, ఆసుపత్రికి శంకుస్థాపన, మురుగుకాలవకి కూడా శంకుస్థాపన. ఆ మాటలో స్థాపించేది నన్నే. ఇన్నేళ్ళుగా చదువుతున్నారు గదా, అసలీ శంకువంటే ఏమిటి, దాన్ని ఎందుకు పాతాలి అని ఒక్కరైనా అడిగారా? కొబ్బరికాయ కొట్టడం, ఫొటో దిగడం, చేతులు దులుపుకోవడం, అక్కడితో మీ పని అయిపోయింది. పిల్లల లెక్కల పుస్తకంలోనైతే ఐస్‌క్రీం కోను ఆకారానికి నా పేరు తగిలించి ఊరుకున్నారు. నాకు ఒళ్ళు మండుతుందంటే మండదూ మరి.

సరే, అడక్కపోయినా చెబుతాను. నేను పన్నెండు అంగుళాల చండ్ర కర్రని. అంగుళమంటే మీ టేపు మీది అంగుళం కాదు, మనిషి వేలి వెడల్పు. కింద లావుగా, పైన సన్నగా ఉంటాను. నన్ను చెక్కింది లక్కోజు భద్రాచారి అనే వడ్రంగి. పార్వతీపురం అవతల కొండలు మొదలయ్యే చోట చిన్నగెడ్డవలస అని ఒక ఊరుంది. మా వైపు వాగుని గెడ్డ అంటారు. ఆ ఊరికీ లోకానికీ మధ్య ఒక గెడ్డ అడ్డం, దాని మీద వంతెన లేదు. ఆ ఊళ్ళో భద్రాచారి చేతి మీద లేచిన ఇళ్ళు నలభై దాకా ఉన్నాయి. ప్రతి ఇంటికీ మొదటి పని నాదే.

ఆ పని ఎలా ఉండేదో వినండి. నేల చదును చేసి, నీళ్ళు పోసి మట్టం చూసి, నన్ను నిటారుగా నిలబెట్టేవాడు. నా చుట్టూ తాడుతో ఒక వలయం గీసేవాడు. పొద్దున నా నీడ పొడుగ్గా ఉంటుంది కదా, అది కురచవుతూ వచ్చి దాని కొస వలయాన్ని తాకిన చోట ఒక గుర్తు. మధ్యాహ్నం దాటాక నీడ మళ్ళీ సాగుతూ పోయి అవతలి వైపు వలయాన్ని తాకిన చోట ఇంకో గుర్తు. ఆ రెండు గుర్తుల్నీ కలిపితే అదే తూర్పు పడమర, ఇంచు కూడా తేడా రాదు. దీనికి రోజంతా పడుతుంది. ఇల్లు కట్టించుకునేవాడు ఆ రోజంతా అక్కడే కూర్చోవాలి. మధ్యలో ఎవరైనా తొందర పెట్టారా, భద్రాచారి నన్ను పీకి సంచిలో వేసుకుని ఇంటికి పోయేవాడు. "సూరీడు ఆగమన్నాడు బాబూ, నానేటి సేత్తాను" అనేవాడు. అలాంటి పొగరుబోతు చేతిలో పుట్టాను నేను. నా కోపం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆయన చేతులు వణకడం మొదలయ్యాక నన్ను ఊరి హైస్కూలుకి ఇచ్చేశాడు. అడిగి తీసుకున్నది లెక్కల టీచరు కిల్లి హైమావతి. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం గేటు దాకా వినిపిస్తుంది. మధ్యాహ్నం నీడ కొలిచే పాఠం కోసం నన్ను తీసుకెళ్ళింది. ఆవిడ మంచిదే. మిగతావాళ్ళ సంగతే చెప్పలేను. నన్ను స్టాఫ్ రూములో పెడితే ఒకాయన గాలికి తలుపు కొట్టుకోకుండా సందులో దూర్చాడు. ఇంకొకాయన గంట కొట్టే ఇనపముక్క కనిపించలేదని నాతో గంట కొట్టాడు. హెడ్మాస్టరు నన్ను బల్ల మీద బాది 'సైలెన్స్' అనేవాడు. నలభై ఇళ్ళకి దిక్కు చూపించినదాన్ని తీసుకెళ్ళి తలుపుకి అడ్డం పెట్టారు.

ఒకరోజు హైమావతి టీచరు బీరువాలోంచి ఇటుకంత నిఘంటువు దించి, దుమ్ము దులిపి, తొమ్మిదో తరగతిలో నా ఇంగ్లీషు పేరు చదివింది. నోమన్ అట. రాసేటప్పుడు ముందు ఇంకో అక్షరం ఉంటుందట, దాన్ని పలకరట. పలకనప్పుడు రాయడం ఎందుకో ఆ దొరలకే తెలియాలి. ఇంగ్లీషు వాళ్ళలో కూడా ఆ మాట వందమందిలో ఒకరికి తెలిస్తే గొప్ప అని టీచరు చెప్పింది. అక్కడా నా బతుకు ఇంతేనన్నమాట.

ఆ మాటకి బోలెడు అర్థాలున్నాయి. ఎండ గడియారం మీద నీడ వేసే పుల్ల, అది మొదటిది, అది నాకు సమ్మతమే. వడ్రంగి మూలమట్టానికి కూడా ఒకప్పుడు అదే పేరట. పోనీ, మా ఇంటి వస్తువే కదా అనుకున్నాను. గ్రీకు దేశంలో గుర్రం నోరు తెరిచి దాని వయసు చెప్పే పళ్ళని నోమన్లు అనేవాళ్ళట. ఇంగ్లండులో ఎవరో వేళాకోళంగా మనిషి ముక్కుని నోమన్ అన్నారట. అది చదవగానే పిల్లలంతా హెడ్మాస్టరుగారి ముక్కు తలుచుకుని నవ్వారు. నన్ను చూసి నవ్వినట్టే అనిపించి నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్ని అర్థాలకీ తల్లివేరు ఏమిటంటే, తెలిసినవాడు, చూసి తీర్పు చెప్పేవాడు అని. ఈ మాట విన్నాక మాత్రం నేను ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను, అబద్ధమెందుకు.

ఇంకో అర్థం మిగిలింది. టీచరు బోర్డు మీద ఒక పెద్ద చతురస్రం గీసి, దాని మూలలోంచి చిన్న చతురస్రం తుడిచేసింది. "ఇప్పుడు మిగిలిన ఈ వంకర ముక్క ఉంది చూశారా, దీన్ని కూడా నోమన్ అంటారు" అంది. తరవాత గింజలు పేర్చి చూపించింది. ఒక గింజ పెట్టి, దాని రెండు వైపులా మూడు గింజలు వంకరగా పేరిస్తే నాలుగు గింజల చతురస్రం అయింది. ఆ వెలుపల అయిదు పేరిస్తే తొమ్మిది. ఇంకా వెలుపల ఏడు పేరిస్తే పదహారు. ఎంత పేర్చినా ఆ వంకర ముక్క చేరగానే చతురస్రం నిండిపోతోంది.

మూడో బెంచీలో బోనెల నీలవేణి అనే పిల్ల లేచి నిలబడింది. "మిగిలిపోయినదానికి కూడా పేరుంటాదేటి టీచర్?" అని అడిగింది.

"పేరుంటుంది, పని కూడా ఉంటుంది. అది లేకపోతే పెద్దది అవదు" అంది టీచరు. ఆ పిల్ల కూర్చుని తన నోట్‌బుక్కులో గింజల బొమ్మ వేసుకుంది.

నీలవేణి అక్కలిద్దరూ ఎనిమిదితో చదువు మానేశారు. అప్పట్లో ఊళ్ళో ఎనిమిది దాకానే బడి, తొమ్మిది చదవాలంటే గెడ్డ దాటి తొమ్మిది కిలోమీటర్లు పోవాలి. వానాకాలం మూడు నెలలు గెడ్డ దాటడం మగవాళ్ళకే కష్టం, ఆడపిల్లల్ని ఎవరు పంపిస్తారు. హైమావతి టీచరు ఎన్ని అర్జీలు రాసిందో, ఎన్నిసార్లు ఆఫీసుల గుమ్మాల దగ్గర నిలబడిందో, చివరికి ఊళ్ళోనే తొమ్మిది, పది తరగతులు తెచ్చింది. ఆ తొమ్మిదిలో పదకొండుమంది ఆడపిల్లలున్నారు. వాళ్ళు అక్కడే పది పూర్తి చేయాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే.

అక్టోబరులో తుపాను వచ్చి బడి పెంకుటి హాలు కూలిపోయింది. పైనుంచి ఒక కాగితం వచ్చింది. జూన్ నాటికి రెండు గదులు లేవకపోతే తొమ్మిది, పది తరగతుల్ని మండల కేంద్రం బడిలో కలిపేస్తారట. కూలిపోయింది హాలయితే తీసేసేది తరగతినట, ఏం న్యాయమో. టీచరు మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరిగి ఫిబ్రవరిలో రెండు గదులు మంజూరు చేయించింది.

మంజూరు కాగితం వచ్చిన మర్నాడే నన్ను తీసుకుని ఆ పదకొండుమందితో బడి ఆవరణలోకి వచ్చింది. ఎత్తుగా ఉన్న ఉత్తరపు దిక్కున నేల చదును చేయించి నన్ను నిలబెట్టింది. పిల్లలు రోజంతా కూర్చున్నారు. పొద్దుటి గుర్తు ఒక పిల్ల పెట్టింది, సాయంత్రపు గుర్తు నీలవేణి పెట్టింది. తూర్పు పడమర పొడుగున గదులు, కిటికీలు ఉత్తరానికీ దక్షిణానికీ, అప్పుడు బోర్డు మీద ఎండ పడదు, పిల్లల మొహాల మీదా పడదు. ముగ్గుపిండితో గదుల గీతలు గీశారు. ఎన్నాళ్ళకి నా పని నాతో చేయించారు అనుకున్నాను. ఆ సంతోషం సరిగ్గా తొమ్మిది రోజులుంది.

పదో రోజు శంకుస్థాపన. ముహూర్తం ఉదయం ఏడూ నలభై రెండుకి. అది చెయ్యవలసిన నాయకుడుగారు వచ్చింది మధ్యాహ్నం ఒంటిగంటా పదికి. పిల్లలు పొద్దున్నుంచి పూలు పట్టుకుని నిలబడితే పూలు వాడిపోయాయి, ఇద్దరు పిల్లలు కూడా వాడిపోయి పడ్డారు. ముహూర్తం ఎప్పుడో దాటిపోయింది కదా అంటే, "సత్సంకల్పం ఉంటే ప్రతి ఘడియా ముహూర్తమే" అన్నాడు పురోహితుడు. మరి పొద్దున్న ఆ నలభై రెండో నిమిషం ఎందుకు లెక్క కట్టినట్టో.

అదీ పోనివ్వండి. అసలు ఘోరం ముందు రోజే జరిగింది. కార్లు దిగగానే వేదిక ఉండాలని షామియానా ఎక్కడ వేశారో తెలుసా? గేటు పక్కన, ఆవరణలో అన్నిటికన్నా పల్లపు మూలలో. నాలుగు చినుకులు పడితే కప్పలు చేరే చోటు అది. పూజ షామియానా కిందే, శిలాఫలకం షామియానా పక్కనే. పంతొమ్మిది పేర్లు చెక్కిన నల్లరాయి అది. బడి పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, పిల్లల మాటే లేదు.

టీచరు సర్పంచి దగ్గరికి పోయి చెప్పింది. "గదులు వచ్చేది అక్కడండీ, ముగ్గు గీశాం. పూజ ఇక్కడెందుకు?"

"ఏదో ఫొటోల కోసం ఇక్కడ కానిద్దారి టీచరమ్మా. కట్టడం మీరన్న కాడే కడతారు. ఒక్క పూటకి ఏటి గొడవ" అన్నాడు సర్పంచి.

గొయ్యి తవ్వారు. నవధాన్యాలు వేశారు, పాలు పోశారు. శంకువు కావాలి కదా అని నన్నే తెచ్చి ఇస్తే, నాయకుడుగారు చేత్తో పట్టుకుని కెమెరా వైపు చూస్తూ గోతిలో నాటాడు. నావైపు ఒక్కసారీ చూడలేదు. నా మీద ఎండ పడలేదు. నెత్తిన ఎర్రబట్ట గుడారం ఉంటే ఎండ ఎక్కడినుంచి పడుతుంది? నీడ చూడటానికి పుట్టించిన కర్రని నీడలో పాతారు. ఇటుకలు పేర్చి, మట్టి కప్పి, చప్పట్లు కొట్టి, జీడిపప్పు ప్లేట్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ నిఘంటువు ఎన్ని దేశాలు తిరిగి ఎన్ని అర్థాలు పోగేసినా, గుడారం కింద గోతిలో పూడ్చేది అన్న అర్థం మాత్రం దానికి దొరకలేదు. అది మన సొంతం.

తరవాత ఏం జరిగిందో భూమిలోంచి విన్నాను. కాంట్రాక్టరు మనుషులు వచ్చి, నేరుగా పల్లపు మూలలో, నా చుట్టూ పునాదులు తవ్వడం మొదలుపెట్టారు. టీచరు పరుగెత్తుకుంటూ వచ్చింది. తవిటయ్య మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నానేటి సేత్తానమ్మా. శంకువు దించీసిన సోటు. పూజయిపోనాది. ఇప్పుడు సోటు మారిస్తే ఇంటి యజమానికి అరిష్టం" అన్నాడు.

"ఈ ఇంటికి యజమాని ఎవరు తవిటయ్యా? సర్కారే కదా. సర్కారుకి ఏ అరిష్టమూ అంటదు" అంది టీచరు.

అయినా ఎవరూ వినలేదు. సర్పంచి వినలేదు, పిల్లల తల్లిదండ్రులు కూడా వినలేదు. ముహూర్తం మార్చుకోవచ్చు, వచ్చే పెద్దమనిషి అయిదున్నర గంటలు ఆలస్యంగా రావచ్చు, చోటు ఎవడికి తోచినట్టు వాడు ఎంచుకోవచ్చు, అదంతా తప్పు కాదు. తప్పు చోట పాతిన కర్రని పీకడం మాత్రం మహాపాపం. నన్ను అడ్డం పెట్టుకుని నా పనే చెడగొడుతుంటే, నోరు లేని నేను గోతిలో నిలబడి మండిపోవడం తప్ప ఏం చేయగలను?

మార్చి నెలాఖరున ఒక గాలివాన కొట్టింది. పునాది గోతులు నిండిపోయాయి. నేను మునిగిపోయాను. కాంట్రాక్టరు వచ్చి చూసి, "ఎండాక చూద్దాం" అని వెళ్ళిపోయాడు. ఏప్రిల్లో మళ్ళీ వాన, మళ్ళీ నీళ్ళు. పనివాళ్ళు రావడం మానేశారు. జూన్ దగ్గర పడుతోంది. నీలవేణి తండ్రి అప్పుడే పిల్లని జీడిపిక్కలు ఒలిచే పనికి మాట్లాడి పెట్టుకున్నాడని పైనుంచి మాటలు వినిపించాయి. జూన్‌లో ఎలాగూ బడి ఉండదు కదా అన్నది ఆయన లెక్క.

ఆ మర్నాడు పట్టపగలు, ఊరు చూస్తుండగా, హైమావతి టీచరు చీర కుచ్చిళ్ళు ఎగదోపి మోకాలి లోతు నీళ్ళలో దిగింది. చేతులతో బురద తవ్వింది. ఇటుకలు తీసి అవతల పడేసింది. నా మెడ దొరకబుచ్చుకుని రెండు చేతులతో గుంజింది. గట్టు మీద ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తవిటయ్య, "అమ్మా, వొద్దు, వొద్దు" అంటూ వెనక్కి నడిచాడు. నేను ఊడి వచ్చేసరికి ఆవిడ బురదలో చతికిలబడింది. లేచి నన్ను గాల్లో చూపించి, "పాపమొస్తే నాకే రానివ్వండి" అంది. నేను ఆ చేతిలో ఉన్నాను కదా, అది కోపమని నాకు తెలుసు.

అప్పుడు బడి అరుగు మీద కూర్చున్న భద్రాచారి కర్ర పొడుచుకుంటూ ముందుకి వచ్చాడు. నన్ను తీసుకుని పంచెతో బురద తుడిచాడు.

"ఒరే, ఇది ఆవేళ ఎక్కడ పాతినారు?" అని అడిగాడు.

"షామియానా కింద" అన్నాడు తవిటయ్య.

"దీని నీడ ఎవులైనా సూసినారా?"

"గుడారం కింద నీడేటి తాతా."

"నీడ పడకపోతే ఇది శంకువేటిరా? గేదిని కట్టుకునే రాట. రాట పీకితే అరిష్టం ఎవుడికి రా? గేదికా?"

నన్ను చెక్కిన చేత్తోనే నన్ను రాటని చేశాడు ముసలాడు. నాకు పౌరుషం వచ్చింది. కానీ ఆయనన్నది నిజం. ఇన్నాళ్ళూ నేను చెప్పాలనుకున్నదీ అదే. ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో గట్టు మీదివాళ్ళ భయం వదిలిపోయింది.

ఉత్తరపు ఎత్తులో నన్ను మళ్ళీ నిలబెట్టారు, ఈసారి ఎండలో. రోజంతా ఊరు కూర్చుంది. రెండు గుర్తుల్నీ కలిపిన గీత పాత గీత చూపిన దిక్కునే చూపించింది. తవిటయ్య తన చేత్తో ముగ్గు పోశాడు. సాయంత్రం సర్పంచి వచ్చి కొత్త సందేహం తెచ్చాడు. "ఇంజినీరుగారు శిలాఫలకం ఎక్కడుంటే అక్కడే కొలతలు తీసుకుంతారు. రాయి అక్కడుండి గదులు ఇక్కడున్నాయంటే బిల్లు పాసవదు" అన్నాడు. నీలవేణి తల్లి లేచింది. "రాయే గదా. దానికి కాళ్ళు లేవు, మనకున్నాయి" అంది. మర్నాడు ఆరుగురు ఆడవాళ్ళు పంతొమ్మిది పేర్ల నల్లరాతిని కావడికర్రలకి కట్టి మోసుకొచ్చి ఉత్తరపు ఎత్తులో దించారు. దారిలో ఒకసారి దింపి, దాని మీద కూర్చుని ఆకువక్క వేసుకున్నారు కూడా. తవిటయ్య దానికి దిమ్మె కట్టాడు. వారం తరవాత ఇంజినీరు వచ్చి, రాయి నుంచి పునాది దాకా టేపు పట్టి, "ఆరడుగులు, కరెక్టే" అని పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. నాతో కొలవని మనుషులు ఏం కొలుస్తారో చూశారా.

గదులు జూన్ మొదలయ్యేసరికి లేచాయి. పదో తరగతి పోలేదు. హైమావతి టీచరే పోయింది. శిలాఫలకాన్ని అగౌరవపరిచినందుకు మెమో, మెమో వెనకాలే బదిలీ. ఎనభై కిలోమీటర్ల అవతల ఏదో బడి. వెళ్ళేరోజు నన్ను నీలవేణి చేతిలో పెట్టి, "మధ్యాహ్నం నీడ రోజూ రాయండి, మానకండి" అంది. పిల్లలు గెడ్డ దాకా వెళ్ళి సాగనంపి వచ్చారు.

జులైలో ప్రారంభోత్సవం. గెడ్డ పొంగని రోజు చూసుకుని నాయకుడుగారు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఆలస్యంగా. రిబ్బను కత్తిరించి మైకు పట్టుకుని, "ఎత్తయిన ప్రదేశం, గాలి, వెలుతురు. ఆనాడు నేను స్వయంగా ఎంచి, నా చేతులతో శంకువు నాటిన స్థలమిది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సర్పంచి అందరికన్నా గట్టిగా కొట్టాడు. నాకు ఎంత ఒళ్ళు మండిందో మాటల్లో చెప్పలేను. అబద్ధమని తెలిసినవాళ్ళంతా అక్కడే ఉన్నారు, నోరు విప్పినవాడు లేడు. పైగా ఎవరో చెవిలో ఊదితే, "ఏదీ, ఆ శంకువు ఏదీ, తీసుకురండి, ఫొటోకి" అన్నాడు. ఆవరణలో నాటి ఉన్న నన్ను పీకి తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. నన్ను గద పట్టుకున్నట్టు భుజాన పెట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. కెమెరాలు మెరిశాయి.

వరసలోంచి నీలవేణి బయటికి వచ్చింది. టెన్త్ క్లాసు పుస్తకం చంకలో ఉంది. నేరుగా ఆయన ముందుకి వచ్చి చెయ్యి చాపింది. ఏదో దండ ఇస్తుందనుకుని ఆయన వంగాడు.

"అది ఇలాగిచ్చీండి బాబూ" అంది. "పన్నెండయిపోతంది. మాకు నీడ క్లాసున్నాది."

ఫొటోగ్రాఫర్లు కెమెరాలు దించారు. పిల్ల చెయ్యి అలాగే చాచి ఉంది, వెనకాల మిగిలిన పదిమందీ వచ్చి నిలబడ్డారు. నాయకుడుగారు చుట్టూ ఒకసారి చూసి, నన్ను భుజం మీంచి దించి, ఆ పిల్లకి ఇచ్చాడు.